రెండో కొత్త పాట

ఆ ఉదయం కూడా మిరాన్ అందరికంటే ముందే లేచింది. హోటల్ షట్టర్ సగం ఎత్తి, పొయ్యి వెలిగించి, తొట్టెలోని ఆల్చిప్పల మాంసాన్ని ఉప్పునీళ్ళలో కడగడం మొదలుపెట్టింది. తొంగ్‌యంగ్ రేవు వెనక వీధిలో ఆల్చిప్పల పులుసు అన్నం అంటే ఆమె హోటలే. చలికాలమంతా ఆ నీళ్ళలో చేతులు పెట్టి పెట్టి వేళ్ళకి స్పర్శ పోతుంది. ఈ ఏడు స్పర్శ పోయింది వేళ్ళకి మాత్రమే కాదనిపించేది మిరాన్‌కి. ఎవరైనా నవ్విస్తే నవ్వేది, డబ్బిస్తే చిల్లర ఇచ్చేది. లోపల మాత్రం ఏదీ కదిలేది కాదు.

ఓ మూల బల్ల దగ్గర అత్తగారు, ఆవిడ ఎదురుగా మిరాన్ కూతురు హేదమ్ వెల్లుల్లి ఒలుస్తున్నారు.

"ఒసే హేదమ్, వెల్లుల్లి తొక్క తియ్యమంటే దానికి జోలపాట పాడుతున్నావేంటే? పొద్దున్నించీ అదే రెబ్బ పట్టుకుని కూర్చున్నావు" అంది ముసలావిడ.

హేదమ్ చేతిలో రెబ్బ వంక చూసి, "అవునా నాన్నమ్మా?" అంది.

"పులుసులో గుడ్డు కొట్టి వేయనా?" వంటింట్లోంచి అడిగింది మిరాన్.

"ఏదైనా ఒకటేనమ్మా."

ఆకులు రాలే రోజుల్లో ఇంటికొచ్చింది మొదలు ఆ పిల్ల నోట ఇదే మాట. అంతకుముందు మూడేళ్ళు హేదమ్ ‘మారూబెల్’ అనే పాటల గ్రూపులో ఉండేది. ఐదుగురు అమ్మాయిలు. దేశమంతా తిరిగారు, టీవీల్లో కనిపించారు. పోయిన వేసవి చివర్లో ఓ కచేరీలో సంగీతం మొదలైంది, మిగతా నలుగురూ ఆడుతున్నారు, హేదమ్ మైకు పట్టుకుని అలా నిలబడిపోయింది. పడిపోలేదు, ఏడవలేదు. పాట అయిపోయాక వాళ్ళలో యురిన్ అనే అమ్మాయి హేదమ్ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. డాక్టరు విశ్రాంతి కావాలన్నాడు. ఆరోగ్యం బాగాలేక కొన్నాళ్ళు సెలవు అని కంపెనీ ప్రకటించింది. గోడమీద ధరల బోర్డు పక్కన ఐదుగురి పోస్టరు మాత్రం అలాగే ఉంది. హేదమ్ తండ్రి తేసిక్ దాన్ని రోజూ గుడ్డతో తుడిచేవాడు.

షట్టర్ పూర్తిగా పైకి లేచింది. తేసిక్ చేపల వ్యాను బయటే వదిలేసి ఆదరాబాదరా లోపలికొచ్చాడు.

"ఏమే, బల్ల తుడువు. కంపెనీ నించి ప్యో గారు వస్తున్నారు. పాత ఆల్బమ్ మళ్ళీ విడుదల చేస్తారట. రెండు కొత్త పాటలు కలుపుతున్నారట. అందులో ఒకటి మనమ్మాయిది!"

"మనమ్మాయిదేమిటి? ఇది ఇంట్లో ఉంటేనూ?"

"అన్నీ ఆవిడే చెప్తుందిలే. హేదమ్, లేమ్మా, జుట్టు దువ్వుకో. ఆ స్వెట్టర్ మార్చుకో."

హేదమ్ లేచి వెళ్ళి మార్చుకొచ్చింది. కూర్చోమంటే కూర్చుంది.

ప్యో గారు గ్రూపు పనులన్నీ చూసే మనిషి, నలభై దాటిన ఆడమనిషి. బేరిపండ్ల పెట్టె బల్లమీద పెట్టి, ముసలావిడకి వంగి దండం పెట్టింది. హేదమ్ చెయ్యి పట్టుకుని, "చిక్కిపోయావు" అంది. తరవాత విషయానికొచ్చింది.

"మొదటి కొత్త పాట నలుగురూ పాడేశారు. రెండోది నెమ్మదైన పాట. అందులో ఎక్కువ భాగం హేదమ్‌దే. ఇక్కడికి రాకముందే రికార్డు చేశాం. ఇప్పుడు వాడుకోవాలంటే హేదమ్ ఒప్పుకోవాలి. ఆ పాట వస్తే అభిమానులకి తను మళ్ళీ వస్తుందన్న నమ్మకం కలుగుతుంది. వేసవికి తిరిగి వచ్చేయొచ్చు."

"ఒప్పుకోక ఏం చేస్తుంది!" అన్నాడు తేసిక్. "ముందు వినిపించండి."

ప్యో గారు ఫోను బల్లమీద పెట్టింది. పియానో మెల్లగా మొదలైంది. తరవాత ఒక గొంతు. సన్నగా, శుభ్రంగా, ఎక్కడా తొణకకుండా. మిరాన్ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి వింది. పాట బాగుంది. బాగుందని తెలుస్తోంది, అంతే. తేసిక్ కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. ముసలావిడ సైతం వెల్లుల్లి ఒలవడం ఆపింది.

పాట అయిపోయింది.

"బాగా పాడింది," అంది హేదమ్. "ఎవరూ, యురినా?"

పొయ్యిమీద పులుసు కుతకుతలాడుతోంది.

"హేదమ్," అంది ప్యో గారు, "అది నువ్వే."

"నేనా?" హేదమ్ ఫోను వంక చూసింది. "ఎప్పుడు పాడాను?"

"వేసవిలో. తెల్లారేదాకా స్టూడియోలోనే ఉన్నాం కదా. గుర్తులేదా?"

"ఉన్నానేమో. గుర్తులేదు."

తేసిక్ బలవంతంగా నవ్వాడు. "నిద్ర చాలక అలా అంటోంది లెండి. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి."

"ఆగండి," అంది మిరాన్.

"నువ్వుండవే. నీకేం తెలుసు ఈ సంగతులు?"

"పిల్ల తన గొంతు తనే గుర్తుపట్టలేదండీ! మీ చెవినపడలేదా?" తన గొంతు అంత పైకి లేస్తుందని మిరాన్‌కే తెలియదు. "వేరేవాళ్ళ పాట విన్నట్టు విని, బాగుందని చెప్పి ఊరుకుంది. మీరేమో సంతకం ఎక్కడ అంటున్నారు!"

"పడింది! చెవినపడింది కాబట్టే అంటున్నా!" తేసిక్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఈ పాట కూడా పోతే దానికింక ఏం మిగుల్తుందే? పదేళ్ళ పిల్లప్పటి నించీ వారం వారం బూసాన్‌కి డాన్సు క్లాసుకి తిప్పాను. వెనక సీట్లో పాడుకుంటూ వచ్చేది. పాడకు, నిద్రపో అన్నా వినేది కాదు. ఆ పిల్లేదీ? అడిగితే తింటోంది, అడగకపోతే మానేస్తోంది. దాన్ని చూడలేక నేను వ్యానులో కూర్చుని ఏడుస్తున్నానే రోజూ. నీకు తెలుసా? నువ్వైతే ఓ చుక్క కూడా రాల్చవు. బండరాయిలా పులుసు కాస్తావు!"

ఆయన ఏడుస్తాడని మిరాన్‌కి తెలియదు. పైగా ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. తిరిగి తిట్టడానికి కూడా ఏమీ పుట్టలేదు లోపల్నించి.

"ఒరే తేసిక్, గొంతు తగ్గించు," అంది ముసలావిడ.

"నాన్నా," అంది హేదమ్.

అందరూ అటు తిరిగారు. పిల్ల చేతులు ఒళ్ళో ఉన్నాయి. మొహంలో మార్పేమీ లేదు కానీ ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెబుతోంది.

"అందులో ఉన్నది నేను కాదు నాన్నా. ఆ పాటకి నా పేరు పెట్టి, అందరూ నేను వస్తానని ఎదురుచూస్తుంటే… నేను రాలేను. వద్దు."

"వద్దంటే?"

"నా గొంతు తీసేయండి ప్యో గారూ. యురిన్ చేత పాడించండి. పై స్వరాలు తనకి కష్టం. పాట కాస్త కిందికి దించమనండి. లేకపోతే గొంతు పాడుచేసుకుంటుంది."

ప్యో గారు ఫోను తన వైపు లాక్కుంది. "అలా చేస్తే సెలవు అన్న మాట ఇక నిలవదు. గ్రూపు నించి తప్పుకున్నట్టే అవుతుంది. తెలుసా?"

"తెలుసు."

తేసిక్ కిందపడ్డ కుర్చీని ఎత్తి నిలబెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. వ్యాను స్టార్టయి వెళ్ళిన చప్పుడు వినిపించింది.

ప్యో గారు ఫోను సంచిలో వేసుకుని లేవబోతే ముసలావిడ ఊరుకోలేదు. "సియోల్ నించి ఇంతదూరం వచ్చి ఖాళీ కడుపుతో పోతావా? కూర్చో. మిరాన్, గిన్నె తే." ప్యో గారు తలొంచుకుని గిన్నెడు పులుసూ తాగింది. వెళ్ళేటప్పుడు హేదమ్‌ని కౌగిలించుకుంది. హేదమ్ ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది, వెయ్యాలి కాబట్టి వేసినట్టు.

తరవాత రోజులు మూగగా గడిచాయి. మారూబెల్ ఇకపై నలుగురేనని ప్రకటన వచ్చింది. బడిపిల్లలు ఇద్దరు హోటల్‌కొచ్చి, హేదమ్‌ని చూసి, పులుసు తినకుండానే ఏడుస్తూ వెళ్ళిపోయారు. తేసిక్ కూతురితో మాట్లాడటం మానేశాడు. అన్నం వేళకి వచ్చి, తిని, పోయేవాడు. మిరాన్ ఎప్పటిలాగే కడిగింది, వండింది, వడ్డించింది.

చెర్రీలు పూసే రోజుల్లో ఆల్బమ్ మళ్ళీ విడుదలైంది. కొత్త అట్ట, రెండు కొత్త పాటలు. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం హోటల్ ముందు వ్యాను ఆగింది. తేసిక్ దిగి, రెండోవైపు తలుపు తీశాడు. టోపీ కళ్ళదాకా లాక్కుని, మాస్కు పెట్టుకున్న అమ్మాయి దిగింది. యురిన్.

"బస్టాండు నించి తీసుకొచ్చాను," అన్నాడు తేసిక్, భార్య మొహం చూడకుండా. "నేనే ఫోను చేశాను. పాట సంగతి కాదు, ఊరికే ఒకసారి వచ్చి చూసిపొమ్మన్నాను. ఉన్న ఒక్క సెలవురోజూ ఇక్కడికే వచ్చింది పాపం."

యురిన్ మాస్కు తీసి, "ఆంటీ, హేదమ్ ఎక్కడ?" అంది.

ఇద్దరూ మేడమీద గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మిరాన్ బార్లీ టీ రెండు గ్లాసుల్లో పోసి పైకి తీసుకెళ్ళింది. తలుపు దగ్గర ఆగింది. లోపల ఆ రెండో పాట వినిపిస్తోంది. ఇప్పుడది కిందికి దించి ఉంది. గొంతు బొంగురుగా, ఒకచోట వణుకుతోంది.

"ఇక్కడ వణికాను కదా," అంటోంది యురిన్. "మళ్ళీ పాడతానంటే వద్దన్నారు. నువ్వు నిలబడాల్సిన చోట ఎవరూ లేరు. అటు చూస్తూ పాడాను."

పాట ఆగింది. తరవాత హేదమ్ ఏడుపు వినపడింది. ముందు సన్నగా, ఎక్కిళ్ళు పడినట్టు. ఆపైన చిన్నపిల్లలు వీధిలో పడి మోకాళ్ళు కొట్టుకున్నప్పుడు ఏడ్చినట్టు, నోరు పెద్దగా తెరిచి, సిగ్గు లేకుండా.

మిరాన్ తలుపు మీద చెయ్యి వేసింది. వెనక నించి వచ్చిన తేసిక్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వెళ్ళకు. ఏడవనీ."

"నా బిడ్డండీ…"

"ఏడవనీయవే. ఎన్నాళ్ళకి ఏడుస్తోంది."

మిరాన్ అక్కడే మెట్టుమీద కూలబడింది. పళ్ళెంలో గ్లాసులు గలగలలాడుతుంటే తేసిక్ అందుకుని పక్కన పెట్టాడు. ఆమె మొహం మీద ఏదో వెచ్చగా తగిలితే తుడుచుకుంది. మళ్ళీ తగిలింది. తుడుచుకోవడం మానేసింది. తేసిక్ పక్కన కూర్చుని ఆమె భుజం తన భుజానికి ఆనించుకున్నాడు.

"బండరాయి అన్నాను ఆరోజు," అన్నాడు.

"నిజమేగా అన్నారు," అంది మిరాన్, ఏడుస్తూనే.

కింద నించి ముసలావిడ కేక వినిపించింది. "ఎవరే ఏడ్చేది?"

"హేదమ్, అత్తయ్యా!"

"హమ్మయ్య!" అంది ముసలావిడ. మరుక్షణం బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. "ఇంకో రెండు గిన్నెల బియ్యం ఎక్కువ పోస్తున్నా. అంత ఏడ్చాక పిల్లకి ఆకలి దంచేస్తుంది!"