మూత తీయని డబ్బా

"ఇదేంటే బుల్లెమ్మా, సూర్యుడా, టీ మరకా?"

డాన్స్ టీచర్ అడగ్గానే క్లాసంతా గొల్లుమంది. బుల్లెమ్మ గబుక్కున చెయ్యి వెనక్కి దాచేసుకుంది.

శనివారం సాయంత్రం బడి వార్షికోత్సవం. ఆఖరి పాటలో పదిమందీ ఒక్కసారి చేతులెత్తితే ఇరవై ఎర్రటి సూర్యుళ్లు ఉదయించాలి. అరచేతుల్లో గోరింటాకుతో వాటిని దిద్దే పని బుల్లెమ్మ బతిమాలి మరీ తీసుకుంది. తీరా బుధవారం నాడు, పండుతుందో లేదో చూద్దామని తన చేతికి పెట్టుకున్న మొదటి సూర్యుడే వెలవెలబోయాడు.

"శుక్రవారానికి ఎర్రగా పండే పొడి దొరక్కపోతే రంగు కాగితాలు అతికిద్దాంలే," అన్నారు టీచర్.

కాగితాలా! బుల్లెమ్మకు తల కొట్టేసినట్టయింది.

బడి వదలగానే నానమ్మను వెంటబెట్టుకుని పొడి కొన్న కొట్టుకు దూసుకెళ్లింది.

"తాతగారూ! మీరిచ్చిన గోరింటాకు పొడి అస్సలు పండలేదు!"

కొట్టు తాత ఆమె చేతిలోని గాజు సీసాను ఎగాదిగా చూశాడు. దానికి రిబ్బన్ కూడా కట్టి ఉంది.

"ఎక్కడ పెట్టావమ్మా దీన్ని?"

"క్లాసు కిటికీలో. అందరికీ కనబడాలి కదా!"

"మూత తీశావా?"

"ఊఁ... ఎవరడిగితే వాళ్లకి వాసన చూపించాను. నెల రోజులుగా." చివరి మాట మెల్లగా అంది.

"ఓసి నీ బడాయి కూల!" అంది నానమ్మ. "నెల్లాళ్లు ఎండలో కూర్చోబెట్టి, వచ్చేపోయేవాళ్లందరికీ మూత తీస్తే ఇంకేం మిగుల్తుందే దాంట్లో?"

బుల్లెమ్మ మొహం చిన్నబోయింది. "తప్పు మీది కాదు తాతగారూ. నాదే," అంది.

తాత నవ్వి, లోపలి చీకటి అలమరాలోంచి ఒక ప్యాకెట్ తెచ్చాడు. దాని మీద పొడి పట్టిన తేదీ చూపించాడు. విప్పితే అప్పుడే కోసిన గడ్డి వాసన వచ్చింది. చిటికెడు పొడిని వేడినీళ్లలో కలిపి బుల్లెమ్మ వేలికి అద్దాడు. కాసేపాగి కడిగితే నారింజ రంగు చుక్క!

"పండింది!" అని కొట్టు దద్దరిల్లేలా అరిచింది బుల్లెమ్మ.

"రేపటికి ఇంకా ఎర్రబడుతుంది. ఇక ఈ పొడికి గాలీ, వెలుతురూ, తడీ తగలనివ్వకు," అన్నాడు తాత.

గురువారం బడికి వెళ్లగానే స్నేహితులు చుట్టుముట్టారు.

"కొత్త పొడి తెచ్చావటగా? ఏదీ, ఒక్కసారి చూపించవే!"

బుల్లెమ్మకు చూపించాలని ప్రాణం కొట్టుకుపోయింది. అయినా పళ్ల బిగువున ఆపుకుంది. "ఊహూఁ. శనివారం చేతులు చూద్దురుగాని."

ఆ రాత్రి నానమ్మతో కలిసి కావలసినంత పొడి నానబెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం ఇరవై అరచేతుల్లో గుండ్రంగా దిద్దింది. నడుం పట్టేసినా ఒక్కటీ వంకర పోనివ్వలేదు.

శనివారం ఆఖరి పాటలో చేతులన్నీ లేచాయి. దీపాల వెలుగులో ఇరవై సూర్యుళ్లు ఎర్రగా భగ్గుమన్నాయి. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డాన్స్ టీచర్ అందరికంటే గట్టిగా ఈల వేశారు! నానమ్మ పక్కవాళ్లను పొడిచి, "ఆ చేతులన్నీ మా బుల్లెమ్మే పండించింది," అని చెప్పింది. బుల్లెమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఇంటికి రాగానే మిగిలిన పొడిని గాలి లేకుండా నొక్కి కట్టి, స్టీలు డబ్బాలో పెట్టి బిగించింది. చీటీ మీద తేదీ వేసి, కింద ఇలా రాసి డబ్బాకు అంటించింది:

'ఎవరూ మూత తీయకూడదు. ముఖ్యంగా బుల్లెమ్మ!'