పోలసాని ఎత్తిన పాట

కొలనుపురి సేనలు గజగిరి దుర్గాన్ని చుట్టుముట్టిన తరువాత ఒక వర్షాకాలం గడిచిపోయింది. తూర్పున ఎర్రని సూర్యబింబం లేచేసరికి కొండ పాదాన బారులు తీరిన గుడారాలూ, బురదలో దిగబడిన ఏనుగులూ, నూనె పూసిన ఈటెల మొనలూ ఒక్కసారిగా కానవచ్చేవి. కోటలోపల మాత్రం ధాన్యపు కొట్లు అడుగంటి, నూతుల్లో నీరు చెడి, అన్నదమ్ముల మధ్య సైతం మాట పగగానే పలికేది. అంతటి ముట్టడిలోనూ కోటను నిలిపినవాడు బొల్లయ సేనాని. ఆ బొల్లయనే రాజద్రోహి అని గజగిరి రాజు మల్లభూపతి చెరలో వేయించాడన్న వార్త ఒక ఉదయం నగరమంతా గుప్పుమన్నది.

నేరం మోపినవాడు మహామంత్రి త్రిపురాంతకుడు. రాజు పిన్నవయస్కుడు, మంత్రి మాటే ఆయనకు వేదం. భటులు మాత్రం నమ్మలేదు. "మా సేనానిని విడువకుంటే చెరసాల తలుపులు మేమే బద్దలుకొడతాం" అని ప్రాకారాల మీదినుండే కేకలు వేశారు. వారిని నమ్మించగల గొంతు రాజ్యంలో ఒక్కటే ఉన్నదని మంత్రికి తెలుసు.

అది ఆస్థాన గాయని పోలసానిది. వడ్లు దంచే ఇంట పుట్టి, ఏటి నీళ్లలో మెడదాకా మునిగి సాధకం చేసి, రాజవంశంలో తాత, తండ్రి, మనుమడు ముగ్గురి కొలువులోనూ పాడిన మనిషి. రాజు మారినప్పుడల్లా ఆమె పని అయిపోయిందని తోటి గాయకులు చంకలు గుద్దుకొన్నారు. ప్రతిసారీ ఆమె తనకన్న చిన్నవాళ్ల ముందు సైతం చేతులు కట్టుకొని కూర్చుండి, కొత్త బాణీ నేర్చి, మళ్లీ నిలిచింది. ఇప్పుడు పైస్థాయిలో ఆ గొంతు జీరపోతున్నది. వెనుక తంబుర మీటే శిష్యుడు వల్లభుడు, "ఈ ముసలిది ఆసనం మీదినుండి లేవదు, నన్ను కూర్చోనివ్వదు" అని బాహాటంగానే పళ్లు నూరేవాడు.

మంత్రి స్వయంగా ఆమె ఇంటికి వచ్చాడు.

"సానీ! బొల్లయ ద్రోహాన్ని గాథగా కట్టి రేపటి కొలువులో నీవు పాడాలి. దళనాయకులందరూ వింటారు."

"ఆ ద్రోహం తమరు కన్నులారా చూశారా, మంత్రివర్యా?"

"నీవు పాడితే అందరూ చూసినట్లే."

పోలసాని తల అడ్డంగా ఊపింది. "చెరువును సముద్రమన్నాను, పిల్లిని పులి అన్నాను. కొలువులో బతకడానికి అది తప్పలేదు. నా పాటతో ఇంతవరకు ఒకడి తల తెగలేదు."

త్రిపురాంతకుడు నవ్వాడు. కొలువునుండి తోసివేస్తారన్న భయం ఆమెను ఏనాటినుండో తినివేస్తున్నదని అతడెరుగును, అందుకే దాచలేదు. "భటులు బొల్లయను ఛీకొట్టిన నాడే పడమటి ద్వారం నా వాళ్ల చేతికి వస్తుంది. కొలనుపురి రాజుతో మాటలు ముగిశాయి. జెండా మారుతుంది, రాజు మారతాడు, నీ ఆసనం మారదు. కాదంటావా, వీధిలో నీ మొగాన ఉమ్మించి వెళ్లగొట్టిస్తాను. అప్పుడు నీవు ఏమి అరిచినా నమ్మేవాడుండడు."

నిజం చెప్పవలెనంటే పోలసాని మనసు ఊగింది. జీవితమంతా దేనికోసం గొంతు చించుకొన్నదో అది ఎదురుగా ఉన్నది. ఆమె మారుపలకలేదు. మంత్రి ఆ మౌనాన్ని అంగీకారమనుకొని వెళ్లిపోయాడు.

మరునాడు కొలువు కిక్కిరిసింది. దళనాయకులు కత్తిపిడుల మీద చేతులుంచి నిలిచారు. పోలసాని గొంతు సవరించి, మంద్రస్థాయిలో మెల్లగా ఎత్తుకొన్నది. బొల్లయ పేరు రాలేదు. పడమటి ద్వారం వచ్చింది, కొలనుపురి వచ్చింది, ఆపైన, "జెండా మారును, రాజు మారును, నీ ఆసనము మారదని నా ఇంట పలికెను మంత్రి" అన్న పాదం జీరగొంతుతోనే సభ నలుమూలలా మోగింది.

"ముసలిదానికి మతి చలించింది! ద్రోహి పక్షాన చేరింది, ప్రభూ!" అని అరిచాడు త్రిపురాంతకుడు.

మల్లభూపతి ముఖం కందగడ్డ అయింది. "సాక్ష్యమేది? లేకుంటే నీ నాలుక కోయిస్తాను."

పోలసాని వద్ద సాక్ష్యం లేదు. అంతలో వెనుక తంబుర ఆగిపోయింది. వల్లభుడు లేచి నిలుచున్నాడు. 

"ప్రభూ! ఈమె మీద నాకు ప్రేమ లేదు. ఎప్పుడు చస్తుందా అని కాచుకొన్నవాణ్ణి. మొన్న మంత్రిగారు నన్ను పిలిచి, జెండా మారినా ఆ ఆసనం నీదేనన్నారు. నేను నోరు మూసుకొన్నాను. అందుకు నన్ను శిక్షించండి. కాని ఒక్క ఆసనాన్ని ఈ నీచుడు మా ఇద్దరికీ అమ్మాడు!"

సభ భగ్గుమన్నది. త్రిపురాంతకుడు మొలలోని బాకు దూసి, దగ్గరగా ఉన్న పోలసాని కంఠాన పొడిచాడు. నాయకులు అతణ్ణి పడదోసి కట్టివేసేసరికే ఆమె నేలకొరిగింది.

భటులు సంకెళ్లు తెంచగా బయటికి వచ్చిన బొల్లయకు కవచం తొడుక్కొనే వ్యవధి చిక్కలేదు. తమ గుట్టు రట్టయిందని విన్న మంత్రి మనుషులు ఆ క్షణమే కావలివాళ్లను నరికి పడమటి ద్వారం తెరిచారు. కొలనుపురి వీరులు లోపలికి ఉరకబోయారు. బొల్లయ ఆ ఇరుకు గుమ్మంలో అడ్డంగా నిలిచి, వెనుకనున్న భటులు తలుపులు మూసి గడియ బిగించేదాకా ఒక్క అడుగైనా వెనుకకు వేయలేదు. తలుపులు మూసుకొన్నాయి, సేనాని మాత్రం వాటికి అవతలనే కూలిపోయాడు. లోపలివాళ్ల సాయం మీద ఆశ పెట్టుకొన్న శత్రువు, ఆ ఆశ తెగిపోగానే గుడారాలు పీకి వెళ్లిపోయాడు. మంత్రిని ఏనుగు కాళ్లకింద వేశారు.

పోలసాని బతికింది. గొంతు పోయింది. గాలి వంటి గుసగుస తప్ప మరి పలకలేదు. ఆసనం ఎవరికీయమందువని తలవంచి అడిగిన మల్లభూపతికి, ఆమె నోరు మూసుకొన్న నేరానికి చెరసాలలో ఉన్న వల్లభుణ్ణే చూపింది.

విడుదలైనవాడు నేరుగా ఆమె ఇంటికి వచ్చి, గడపలోనే నిలబడ్డాడు. "నేనంటే నీకు గిట్టదు. నన్నెందుకు చూపావు?"

"గిట్టదు. నీకన్న శుద్ధంగా పాడేవాడు దొరకలేదు" అని గుసగుసలాడింది ఆమె. "కూర్చో. బొల్లయ ద్వారాన నిలిచిన గాథ నేర్చుకో."

ఆమె గుసగుసగా చెప్పిన పాదాలను వల్లభుడు ఎత్తుకొన్నాడు. రెండో పాదంలో స్వరం జారింది. పోలసాని అరచేత్తో నేల మీద ఫెడీలున కొట్టింది.

"మళ్లీ."

అతడు లోలోపల ఆమెను తిట్టుకొని, మొదటినుండి పాడసాగాడు.