గరిటె కోర్టు

పొద్దున్నే ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. బల్ల మీద ఆహ్వానం కార్డు పడి ఉంది. ఆవిడ భర్త, పోయిన లాయరుగారి సంస్మరణ సభ. ఫొటో కింద 'సాహసి, కుటుంబమే ప్రాణంగా బతికిన మనిషి' అని బంగారు రంగు అక్షరాలు.

"మనమంటే ప్రాణమట! ఆ ప్రాణమంటే మీ నాన్నకి లెక్కుంటేగా!" అని కూతురితో అంటూ భర్త నల్లకోటు మీద ఇస్త్రీ పెట్టెని సర్రున లాగింది.

ఏడాది క్రితం, పొంగుతున్న ఏట్లో రబ్బరు పడవ నడపబోయి మునిగిపోయాడాయన. అంతకుముందు కొండలెక్కాడు, గుహల్లో దూరాడు. మర్నాడు ఏమీ ఎరగనట్టు కోర్టులో వాదించేవాడు. సాయంత్రం ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ కూతురికి పాఠాలు చెప్పేవాడు. అదే ఆవిడ బాధంతా. నోరారా తిట్టుకుందామన్నా తిట్టుకోనివ్వని మనిషి.

ఆ సాహసాలకి వెళ్ళే ముందు ప్రతిసారీ వంటింటి బల్ల దగ్గర కోర్టు పెట్టేవాడు. ఆవిడ జడ్జి, చేతిలో గరిటె. వెళ్తానని ఆయన వాదిస్తే, వద్దని కూతురు ఎదురు వాదించాలి. గరిటె బల్ల మీద పడిందంటే తీర్పయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరూ సణగకూడదు.

"ఇంకా అలాగే కూర్చున్నావా? లాయర్ల సంఘం అధ్యక్షుడు కారు పంపిస్తున్నాడు. ముందు నువ్వే మాట్లాడాలట."

"నేను మాట్లాడను," అంది కూతురు గోడవైపు చూస్తూ. "కోర్టుకి కూడా ఇక వెళ్ళను."

"ఏం, బుర్ర గానీ చెడిందా? ఏడాదిగా జడ్జి ముందు బెల్లం కొట్టిన రాయిలా నిలబడుతున్నావని మీ సీనియరు మొత్తుకుంటున్నాడు. మీ నాన్న నిన్ను ప్లీడరమ్మా అని పిలుచుకున్నది ఇందుకేనా?"

"నా నోరు పడిపోవాలని కోరుకున్నది నువ్వేగా అమ్మా!"

ఇస్త్రీ చేస్తున్న చెయ్యి ఆగిపోయింది. "నేనా? నిన్నా?"

"రోజూ అంటూనే ఉన్నావు, 'ఆయన్ని ఎగదోసి పంపినవాళ్ళ నోరు పడిపోను' అని. ఎవరు పంపారు? ఆ ఆదివారం ఏరు పొంగుతోంది, వద్దన్నావు. గరిటె ఎత్తావు కూడా. అప్పుడు నేనే కదా లేచి నాన్న తరఫున వాదించాను! నా మాట విని నువ్వు తీర్పు మార్చావు. నాన్న చప్పట్లు కొట్టాడు. నా మొదటి గెలుపమ్మా అది!"

ఆ శాపనార్థాలన్నీ ఆవిడ తన భర్త పడవల స్నేహితులకి పెట్టినవి. ఈ పిచ్చిపిల్ల వాటినన్నిటినీ ఏరుకుని నెత్తిన పెట్టుకుందని కలలో కూడా అనుకోలేదు.

ఇస్త్రీ పెట్టె ఆపేసి, వంటింట్లోంచి గరిటె తెచ్చి బల్ల మీద ఠపీమని కొట్టింది.

"ఇలా వచ్చి కూర్చో. ఆ కేసు మళ్ళీ వింటాను. ఈసారి సాక్ష్యం నాది."

"అమ్మా, ఇప్పుడెందుకివన్నీ..."

"సణగకూడదు. మనం కేసు విన్నది ఆదివారం. శనివారం సాయంత్రమే ఆయన పడవని జీపుకి కట్టేసి పైన గుడ్డ కప్పాడు. నేను కళ్ళారా చూశాను. నువ్వు వాదించకపోయినా, నేను కాదన్నా వెళ్ళేవాడే. మీ నాన్న ఓడిపోయే కేసు మన ముందుకి ఎప్పుడూ తేలేదే తల్లీ. మనకది కోర్టు, ఆయనకి ఆట."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది కూతురు.

"ఎలా చెప్పను? చెప్తే మనకంటే ఆ పడవే ఆయనకి ఎక్కువని నా నోటితో నేనే ఒప్పుకోవాలిగా! అంతకంటే పరాయివాళ్ళ మీద పడి ఏడవడమే తేలికనిపించింది. ఆ ఏడుపు నీకు తగులుతుందనుకోలేదమ్మా."

కూతురు బల్ల మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ పక్కనే నిలబడి వీపు నిమురుతూ ఉండిపోయింది. బయట కారు హారన్ మోగింది.

"సభలో ఏం చెప్పనమ్మా?"

"నీ ఇష్టం. మంచివాడని చెప్పు, అబద్ధం కాదు. మనల్ని అడిగినట్టు నటించి వెళ్ళిపోయేవాడని చెప్పు, అదీ అబద్ధం కాదు. నా కోపం ఈ జన్మకి తీరదు. నువ్వు మాత్రం నోరు మూసుకుని కూర్చోకు."

భర్త కోటు కూతురికి తొడిగింది. వదులుగా ఉందని చేతులు పైకి మడిచింది. గుండీ పెడుతుంటే ఆవిడ కళ్ళు నిండిపోయాయి. ఏడాదిగా తిట్టడమే తప్ప ఆయన కోసం ఒక్కసారీ ఏడవలేదు. ఇప్పుడు ఏడుస్తూనే గరిటె అందుకుని బల్ల మీద మెల్లగా తట్టింది.

"నీ తప్పేమీ లేదు. తీర్పయిపోయింది, ఇక సణగకు. పద, ప్లీడరమ్మా."