అటక మీద టమాటాలు

"ఠప్!"

అది ఎలక్ట్రీషియన్ అటక మీద అడుగుపెట్టిన చప్పుడు కాదు. అతని నెత్తి దూలానికి తగిలిన చప్పుడు.

"చూసుకోండి, అక్కడ దూలం ఉంది," అంది ఆమె.

"ఇప్పుడా చెప్పేది?"

"ఇంత పొడుగు మనిషి వస్తారని కలగన్నానా? నిచ్చెన తెచ్చుకోలేదేమని అడగబోయాను. మీకు అవసరం లేదని అర్థమైంది."

అతను నెత్తి రుద్దుకుంటూ చూశాడు. ఆ కప్పు కింద నిటారుగా నిలబడగలిగింది ఆమె ఒక్కతే. అదీ సరిగ్గా మధ్యలో మాత్రమే.

"మీకేం మేడమ్, మొలకంత ఉన్నారు. ఏ అటకైనా మీకు బంగళాయే."

అలా మొదటి రోజే పేర్లు ఖాయమైపోయాయి. అతను నిచ్చెన, ఆమె మొలక.

మొలక పనిచేసేది విత్తనాల దుకాణంలో. పొద్దస్తమానం ఊరందరి తోటలకీ విత్తనాలు అమ్మడమే గానీ, తనకంటూ జానెడు నేల లేదని ఆమెకు తగని కడుపుమంట. ఉంటున్నది బాబాయీ పిన్నీ వాళ్ళింట్లో. అక్కడ మిగిలిన జాగా అంటే ఈ అటకే. ఇక్కడ దీపాల వెలుగులో నారు పెంచి, సొంత నర్సరీ మొదలుపెట్టాలని ఆమె పంతం.

బాబాయికేమో పాత కుర్చీలు పోగేసే పిచ్చి. వాటికీ జాగా ఇదే కావాలి.

"ఈ వానాకాలం వెళ్ళేలోపు అక్కడ పండిన టమాటా నా చేతిలో పెట్టు, అటక నీది. పెట్టలేకపోతే నా కుర్చీలది," అన్నాడాయన. "అయినా అటకెక్కిన వ్యవహారం ఏదీ బాగుపడినట్టు నేను వినలేదమ్మడూ!"

ఆ మాట మొలకకు బాగా గుచ్చుకుంది.

పని మొదలైంది. వెలుగు వృథా కాకుండా వాలు కప్పుకు వెండిరంగు షీటు అంటించారు. మధ్యలో పొట్టి ఇనుప రాక్, నీళ్ళు కింది గదిలోకి కారకుండా దాని కింద వెడల్పాటి ట్రే, మూలన చిన్న ఫ్యాన్. నిచ్చెన మోకాళ్ళ మీద పాకుతూ వైర్లు లాగుతుంటే, మొలక నారు పోయడానికి కొబ్బరిపొట్టు తడుపుతూ పెత్తనం చేసింది.

"ఆ క్లిప్పు వంకరగా ఉంది."

"క్లిప్పు బాగానే ఉంది మేడమ్. మీరే తల వంచి చూస్తున్నారు."

వైర్లు సర్ది, దీపాలు వేలాడదీశాక, నారు ట్రే మీదికి వంగి టమాటా గింజలు వేసిన మొలక హుషారుగా లేచింది. దీపం అంచు కనుబొమ్మ మీద కొట్టుకుని ఉసిరికాయంత బుడిపె కట్టింది. నిచ్చెన ఒక్క జోకు కూడా వేయలేదు. మర్నాటికి దీపాలన్నీ కప్పుకు ఆనించి కట్టేసి ఉన్నాయి.

ఎండలో మొక్కల సంగతి మొలకకు తెలుసు. దీపాల కింద పెంచడం మాత్రం ఇద్దరికీ కొత్తే. వారం తిరిగేసరికి మొలకలు వెలుగు కోసం సాగి సాగి, దారప్పోగుల్లా సన్నబడి, ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి.

వెంటనే ఫోన్ చేసింది. అతను పరుగున వచ్చాడు. మళ్ళీ ఠప్.

"చూడండి, అన్నీ మీలాగే తయారయ్యాయి! మీ తల కాపాడుకోవడానికి దీపాలు అంత పైకి కట్టారు. ఇప్పుడు నా నర్సరీ గతేంటి?"

నిచ్చెన తన షాపుకు వెళ్ళాడు. గొలుసులు తెచ్చి దీపాలన్నీ కిందికి దించాడు. "ఇంక నాతో పనిలేదు," అని మెల్లగా దిగిపోయాడు.

కింద కుర్చీకి రంగు వేసుకుంటున్న బాబాయికి ఆ గొడవంతా వినిపించింది.

"ఏమే, వాడు పైన ఉన్నంతసేపూ పాకుతూనే ఉంటాడు కదా. పాకేవాడికి దీపం ఎంత ఎత్తులో ఉంటే ఏంటి? అక్కడ లేచి నిలబడేది నువ్వొక్కదానివే!"

మొలక చెయ్యి తనంతట తానే కనుబొమ్మ మీదికి వెళ్ళింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. కోపం దిగాక బుర్ర కూడా పనిచేసింది. దుకాణంలో కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ తను చెప్పే మాటే, తన నారు దగ్గరికొచ్చేసరికి మర్చిపోయింది.

బయట వాన దంచికొడుతోంది. ఆమె నారు ట్రే ఎత్తుకుని అతని షాపుకు బయల్దేరింది.

"ఇదేంటి, గొడుగు మొక్కలకు పట్టారా?" నిచ్చెన నోరు తెరిచేశాడు.

"నేను తడిస్తే ఆరిపోతాను. ఇవి తడిస్తే విరిగిపోతాయి. నా నుదురు కోసమే పైకి కట్టానని ఎందుకు చెప్పలేదు?"

"చెబితే, నా నుదురు నా ఇష్టం, దించండి అనేవారు."

"అనేదాన్నే. తప్పు నాది. సరేనా?" ఆమె ట్రే బల్ల మీద పెట్టింది. "ఇవి చావలేదు. టమాటా నారు సాగిపోతే పారేయక్కర్లేదు, ఆకుల దాకా లోతుగా పాతాలి. మట్టిలో ఉన్న కాండమంతా వేళ్ళేస్తుంది. బకెట్లు కావాలి, రాక్ తీసేయాలి, దీపాలు మళ్ళీ కట్టాలి. ఇంకా..."

"ఇంకా?"

"మీ తల తగలకపోతే ఆ దూలం బోసిగా ఉంది."

నిచ్చెన నవ్వాడు. వాన సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఇద్దరూ కలిసి మొక్కల్ని మెడ దాకా పాతారు. అవి నిలదొక్కుకుని, చూస్తుండగానే బలిశాయి. కప్పు అడ్డం వచ్చినప్పుడు నిచ్చెన వాలు పొడవునా దారాలు కట్టి తీగల్ని పక్కకు మళ్ళించాడు. పూలొచ్చాయి. అటక మీద తేనెటీగలు ఎక్కడివి? రోజూ పొద్దున్నే పనికి పోయేముందు వచ్చి, పూలగుత్తుల్ని వేలితో మెల్లగా దులిపి వెళ్ళేవాడు. ఒకరోజు దులపడానికి పూలు లేవు. అన్నీ పిందెలైపోయాయి. అయినా వచ్చాడు.

వానలు వెనకబడుతున్న ఒక ఉదయం, ఆకుల చాటున ఒక పండు ఎర్రగా మెరిసింది. మొలక కేక విని నిచ్చెన చకచకా పాకి వచ్చాడు. ఇద్దరి భుజాలూ తగిలాయి.

"ఒకటి అడగనా?" అన్నాడు అతను, పండు వైపే చూస్తూ. "నేనూ సాగిపోయిన రకమే. పారేస్తారా, నాటుతారా?"

"నాటేసి చాలా రోజులైంది," అంది మొలక. "వేళ్ళు కూడా వచ్చేశాయి. నీకే తెలీలేదు!"

ఆ 'నీకే' అన్న మాటకు అతను ఆనందంతో లేచి నిలబడబోయాడు. ఠప్!

ఆ చప్పుడుకు బాబాయి నడుం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మొలక పండు కోసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వాసన చూసి, కొరికి, గడ్డం మీద కారిన రసం తుడుచుకున్నాడు. తలెత్తి పచ్చటి కప్పును చాలాసేపు చూశాడు. ఎర్రబడ్డ రెండు మొహాల్నీ చూశాడు. మళ్ళీ నడుం పట్టుకుని దిగిపోయాడు. కాసేపటికి కింద రంపం చప్పుడు మొదలైంది.

"బాబాయ్, ఏం చేస్తున్నావ్?"

ఎవరినీ ముట్టుకోనివ్వని తన కుర్చీల్లో రెండింటి కాళ్ళు సగానికి కోసేసి, పైకి అందించాడాయన.

"అటక నీదే అమ్మడూ. ఓడిపోయాను, ఒప్పుకున్నాను. ఈ అబ్బాయి ఎన్నాళ్ళని మోకాళ్ళ మీద ఉంటాడు? మీ అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను. ముందు ఇంకో పండు కోసివ్వు, మీ పిన్నికి."

పొట్టి కుర్చీల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నిచ్చెన భయం భయంగా వీపు నిటారు చేశాడు. దూలం అతని తలకు ఇంకా జానెడు పైనే ఉంది.