తెలిసిన గొంతు

చీకటి పడ్డాక ఆ మేడ మీది మూలగది వైపు ఎవరూ పోరు. పగలు కూడా అటు పోవాల్సొస్తే ఇద్దరు కలిసి పోతారు. అప్పుడైనా, ముందు నువ్వంటే ముందు నువ్వని కాసేపు వాదించుకున్నాకే కదులుతారు.

కింద వాద్యాల దుకాణం. దాని మీద టైలర్ల గది. ఆ పైన, పాత సామాన్లు పడేసే మూలగది. అందరికీ మెట్లు ఒక్కటే.

రాత్రి పని ముగించుకుని దిగే టైలర్లకి పైనుంచి ఏడుపు వినిపించేదట. మనుషులు ఏడ్చే ఏడుపు కాదది… ఊపిరన్నది తీసుకోకుండా, ఒకటే గొంతు — సాగి, సాగి, సన్నబడి… ఉన్నట్టుండి తెగిపోయేది. మళ్ళీ మొదలయ్యేది.

ఒకావిడ ఆ తలుపు కింద వెలుతురు కూడా చూసింది. మర్నాటికి ఆమెకి కాలిపోయే జ్వరం. ముందురోజు ఆమె వానలో ముద్దగా తడిసిన మాట నిజమే గానీ, దెయ్యం ఉండగా వానని ఎవరు లెక్కేస్తారు?

ఈ దెయ్యం సంగతి నాకు మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువే తెలుసు. ఎందుకంటే దాన్ని పుట్టించింది మా బాబాయే.

బాబాయి ఆ వాద్యాల దుకాణంలో హార్మోనియం పెట్టెలకి శ్రుతి చేసేవాడు. పెట్టె లోపల రీడ్లుంటాయి, సన్నటి ఇత్తడి నాలుకలు. రెండు రీడ్లని కలిపి మోగించి వినాలి. శ్రుతి కలవకపోతే ఆ మోతలో చిన్న వణుకు ఉంటుంది. ఆ వణుకు పోయేదాకా ఇత్తడిని కొంచెం కొంచెంగా గీరాలి. ఒక్క గీరు ఎక్కువైందా, రీడు పాడైనట్టే.

ఆ వణుకు వినాలంటే మనసు ఒకచోట ఉండాలి. అదే కుదిరేది కాదు బాబాయికి.

గోడ మీద ఇంత గడియారం పెట్టుకుని "మాస్టారూ, టైమెంత?" అని అడిగేవాళ్ళు. కొనేది లేదు, పెట్టేది లేదు, వచ్చి హార్మోనియం మెట్లన్నీ ఒకసారి కుయ్యిమనిపించి పోయేవాళ్ళు. నడుమ నడుమ మా పిన్ని ఫోను. "ఏం లేదండీ, ఊరికే చేశా."

అందరినీ అని ఏం లాభం, మనవాడూ తక్కువ తినలేదు. వీధిలో హారన్ మోగితే తల అటు తిరిగేది. ఫోను మోగకపోయినా తీసి చూసుకునేవాడు, ఎందుకు మోగలేదా అని. చేతులు పెట్టె మీద, మనసు వీధి మీద!

పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. ఓనరు మెత్తగానే చెప్పాడు. "మాస్టారూ, ఇంకొక్కటి తిరిగొచ్చిందంటే, మీరింక ఇంటిదగ్గరే ఉండండి."

బాబాయికి ఆ పని తప్ప ఇంకో పని రాదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడట.

ఓనరుని బతిమాలి మూలగది తాళం తీసుకున్నాడు. మూడో కంటికి తెలియనివ్వలేదు. కిటికీకి పాత పరుపొకటి అడ్డం పెట్టాడు. తలుపు అంచులకి మందపాటి ఉన్నిపట్టీ కొట్టాడు, బయటి చప్పుడు రాకుండా. దుకాణం మూశాక ఫోను కింద సొరుగులో పడేసి పైకెళ్ళేవాడు. లోపల గడియ పెట్టుకుని పెట్టె ముందు కూర్చునేవాడు. పిన్నికి కూడా "దుకాణంలో పనుంది" అనేవాడు తప్ప ఆ గది మాట ఎత్తలేదు.

అంత పట్టీ కొట్టినా లోపలి మోత కొద్దిగా బయటికి పొక్కేది. టైలర్ల పెద్దావిడ, టైలరమ్మ అంటారు, ఒకరోజు వణుకుతూ వచ్చింది.

"మాస్టారూ… పైన ఎవరో ఏడుస్తున్నారు. మీరు విన్నారా?"

అదమ్మా, నేనే రీడు మోగిస్తున్నా అంటే అయిపోయేది. కానీ అన్నాడంటే మర్నాటినుంచి ఆ మూలగదిలోనూ కబుర్లే కదా. బాబాయి గొంతు తగ్గించాడు.

"విన్నాను. పైకి అనకండి… ఎవరో ఆడమనిషి, ఆ గదిలోనే పోయిందట."

"అమ్మో! మరి మమ్మల్నేం చేయదు కదా?"

ఇక్కడ ఆగినా బాగుండేది. చెప్పడం మొదలెడితే మా బాబాయికి నోరు ఊరుకోదు.

"తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. పలికారో… అంతే. వినిపిస్తే చెవులు మూసుకుని చక్కా దిగిపోండి."

వాచ్‌మన్ దానికి ఇంకాస్త చిలవలు పలవలు అల్లాడు. వారం తిరిగేసరికి ఆ మెట్ల మీద పిల్లి కూడా పోవడం మానేసింది.

బాబాయికి కావలసిందీ అదే. ఒక్క పలకరింపు లేదు, ఒక్క ఫోను లేదు. పెట్టెలు వెనక్కి రావడం ఆగిపోయింది. ఓనరు నవ్వు మొహంతో కనిపించాడు.

అలా సాగుతుండగా, ఒక రాత్రి…

సాయంత్రం నుంచి వాన. పొద్దున్నే ఇవ్వాల్సిన పెట్టె ముందుంది. రెండు రీడ్లు మోగిస్తున్నాడు, వణుకు పోవడం లేదు. గీరాడు. విన్నాడు. మళ్ళీ గీరాడు. ఉహూఁ.

సరే, తప్పు ఏ రీడుదో చూద్దామని ఒకదాని కింద కాగితం ముక్క దూర్చి దాని నోరు మూశాడు. ఇప్పుడు మోగేది ఒక్కటే. ఒక్క రీడు మోగితే వణుకు రావడమన్నది ఉండదు. వణకాలంటే పక్కన ఇంకో మోత ఉండాలి.

వణుకు… ఉంది.

బాబాయి గాలి కొట్టడం ఆపాడు. పెట్టె మూగబోయింది.

మోత మాత్రం ఆగలేదు. సన్నగా… పెదాలు కలిపి, పని చేసుకుంటూ ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు… సరిగ్గా వీపు వెనక.

గిరుక్కున తిరిగాడు. చేతిలో ఉన్న, రీడు గీరే ఉలి జారి బొటనవేలి మొదట్లో దిగింది.

వెనక ఎవరూ లేరు. పాత కుర్చీలు, విరిగిన బీరువా.

నొప్పి తర్వాత తెలిసింది. ముందు రక్తం కనిపించింది. చేతిరుమాలు చుట్టాడు, తడిసిపోయింది. చొక్కా విప్పి చుట్టాడు. అదీ తడుస్తోంది. గడియ తీసి తలుపు లాగాడు… రాలేదు. వానకి చెక్క ఉబ్బి ఉన్నిపట్టీ మీద బిగుసుకుపోయింది. ఒంటిచేత్తో బలంకొద్దీ లాగితే పిడి ఊడి చేతిలోకొచ్చింది.

ఫోను కింద సొరుగులో.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి. టైలర్లు దిగుతున్నారు! ప్రాణం లేచొచ్చింది.

"టైలరమ్మా! నేను! పైన ఇరుక్కుపోయా! తలుపు తొయ్యండి!"

అడుగులు ఆగాయి. గుసగుస…

"పిలుస్తోందే… నన్నే పిలుస్తోంది…"

"పలక్కు. చెవులు మూసుకో. దిగు… దిగు…"

దబదబా దిగిపోయారు.

గొంతు చించుకుని మళ్ళీ అరిచాడు. చాలాసేపటికి టార్చిలైటు వెలుగు తలుపు కిందికొచ్చింది. వాచ్‌మన్.

"అన్నా, నేనే! చెయ్యి తెగింది, చచ్చిపోతా! ఒక్క తోపు తొయ్యి అన్నా!"

"బాబోయ్… అచ్చం మాస్టారి గొంతే…"

"మాస్టార్నే!"

"అదీ అలాగే అంటుందని మాస్టారే చెప్పారు…"

వెలుగు పోయింది. మా బాబాయి గోడకి జారగిలబడి కూర్చున్నాడు. తను నేర్పిన పాఠం, ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పి వెళ్ళారు. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఏం, అది కూడా దెయ్యం ఖాతాలోకే పోతుంది కదా.

చొక్కా బరువెక్కింది. కళ్ళ ముందు చీకట్లు ముసిరాయి. ముందురోజు పిన్ని ఊరికే ఫోను చేసినప్పుడు విసుక్కున్నాడు. ఆ మాట గుర్తొచ్చి, ఓపిక ఉన్నంతసేపు ఆవిడ్నే కేకేశాడట. ఇంట్లో ఉన్న మనిషికి ఎలా వినిపిస్తుందని కూడా తోచలేదు.

ఎంతసేపైందో… తలుపు ధడాలున తెరుచుకుంది.

గుమ్మంలో ఆడమనిషి. జుట్టు చెదిరి, నిలువెల్లా నీళ్ళు కారుతూ.

బాబాయి కూడా చెవులు మూసుకోబోయాడు.

"ఏమండీ! ఏంటండీ ఈ రక్తం!"

పిన్ని!

చెంగు చింపి చేతికి బిగించి కట్టింది. భుజం కింద చెయ్యేసి లేపింది. ఆవిడ బక్క మనిషి, అయినా ఎలా మోసిందో మోసింది. మెట్లు రెండు మలుపులు దిగారు. ఆసుపత్రి వీధి చివరే, నడవండి, నిద్రపోకండి అని ఒకటే గదమాయింపు. ఆ తిట్లు అంత తియ్యగా ఉంటాయని అప్పుడే తెలిసిందట బాబాయికి.

మెట్ల మలుపులో ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు అడిగాడు.

"నేను… అక్కడున్నానని నీకెవరు చెప్పారు?"

"ఆవిడే."

"ఎవరు?"

పిన్ని అతని మొహంలోకి వింతగా చూసింది.

"అదేంటండీ, ఇప్పుడేగా నాతో పాటు మెట్లెక్కింది! తలుపు తోసింది కూడా ఆవిడే, నా వల్ల కాలేదు. మీతో పాటు ఆ గదిలోనే పని చేసుకుంటుందట కదా. వానలో ఇంటికొచ్చి తలుపు తట్టింది. 'మీ ఆయన్ని తీసుకెళ్ళిపోండమ్మా, ఒకటే కేకలు… నా పని సాగడం లేదు' అంది."

పైన తలుపు మెల్లగా మూసుకుంది.

లోపలి నుంచి గడియ పడింది.