పద్నాలుగు జూమ్‌లు

మధ్యాహ్నం 1.40.

భవనాల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ తన కంప్యూటర్ ముందే తల వాల్చేసి ఉన్నాడు. ఒళ్లు చల్లబడిపోయింది. పక్కన సగం తాగిన టీ. అందులో విషం కలిసిందన్నాడు డాక్టర్.

తెర మీద రెండే ముక్కలు: ‘తప్పు నాదే. స్తంభాల్లో కమ్మీలు నేనే తగ్గించాను.’

ఆ స్తంభాలు సోమవారం నుంచి మూడొందల మంది పిల్లలు ఎక్కాల్సిన కొత్త బడి మేడవి. నిన్న స్తంభాలు బీటలు వారాయి. పన్నెండు ఇనుప కమ్మీలుండాల్సిన చోట ఎనిమిదే ఉన్నాయి. ఈ ఆఫీసు గీసిన డ్రాయింగ్‌లోనూ ఎనిమిదే.

“పది నెలల కిందట మార్చాడు. లాగిన్ ఆయనదే. పాపం, భయపడిపోయుంటాడు,” అన్నాడు ఆఫీసు యజమాని అయిన ఇంజనీరు.

“అబద్ధం సార్!” డ్రాఫ్ట్స్‌మన్ కూతురు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి భోరుమంది. ఆమెదీ అదే ఆఫీసు, అదే పని. “మార్చింది తను కాదని చెప్పడానికి సాయంత్రం స్టేషన్‌కి, మీ దగ్గరికే వస్తానన్నాడు. ఇంత నిందతో పోవాలా మా నాన్న?”

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. “లాగిన్ ఇంకెవరికి తెలుసమ్మా?”

“నాకు, ఇంజనీరు గారికి.”

“నేను ఆ సాఫ్ట్‌వేర్ ముట్టుకుని ఇరవై ఏళ్లయింది,” అన్నాడు ఇంజనీరు. “ఆ అమ్మాయినే అడగండి.”

“నాన్న ఎలా పనిచేసేవాడో చూపించు తల్లీ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె పక్క సీట్లో కూర్చుంది. ఎడమ చేత్తో కమాండ్ కొట్టింది. కుడి చేత్తో మౌస్ కదిపి చోటు చూసి నొక్కింది. టక్కున గీత పడింది. మౌస్ చక్రం తిప్పింది. బొమ్మ పెద్దదైంది.

“రెండు చేతులూ కలిస్తేనే పని చకచకా సాగుతుందని నాన్నే నేర్పాడు.”

టైపు చేసిన ప్రతి కమాండ్‌నీ సాఫ్ట్‌వేర్ లాగ్‌లో రాసుకుంటుంది. చక్రం తిప్పితే రాసుకోదు. ఇన్‌స్పెక్టర్ ఆ లాగ్ మొత్తం చదివాడు. తర్వాత తాపీగా ఇంజనీరు వైపు తిరిగాడు.

“పగిలిన స్తంభం కాస్త పెద్దగా చూపిస్తారా?”

ఇంజనీరు కూర్చున్నాడు. చెయ్యి మౌస్‌ని దాటి కీబోర్డు మీదికి పోయింది. ‘జూమ్’ కమాండ్ కొట్టాడు.

ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగాడు.

“చక్రం ఉండగా టైపు చేశారేం?”

ఇంజనీరు కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాడు.

“మీరు నేర్చుకున్న రోజుల్లో మౌస్‌కి చక్రం లేదు. ఆ అలవాటు పోలేదు. ఏడాది లాగ్‌లో జూమ్ అని టైపు చేసింది ఒక్క రోజే. కమ్మీలు తగ్గిన రోజు, భోజనాల వేళ, 1.05కీ 1.20కీ మధ్య. పద్నాలుగు సార్లు. ఈ తండ్రీకూతుళ్లకి ఆ అవసరమే లేదు. ఇక ఆ టీ ఎవరు తెచ్చిచ్చారో చెప్పండి.”

ఇంజనీరు తలుపు వైపు చూశాడు. కానిస్టేబుల్ బేడీలు తీశాడు.

కూతురు తండ్రి తెర వంక చూసింది. “ఆ రాత చెరిపేయనా సార్?”

“వద్దమ్మా. అది సాక్ష్యం. మీ నాన్న రాసింది కాదని కోర్టులో అందరికీ వినిపించాలి.”