చెరపని మచ్చ

“ఏడీ మీ ఫొటో బాబు? నా సెల్లెలి పరువు వీధిలో పెట్టినోణ్ణి ఓపాలి బయటికి రమ్మనండి!”

ఫొటో స్టూడియో ముందు సత్యారావు వేసిన కేకలకు చోడవరం మెయిన్ రోడ్డు మీద సైకిళ్ళు ఆగిపోయాయి. అతని చేతిలో నలిగిన వారపత్రిక... పక్కనే చంటిబిడ్డను పొదువుకుని అతని చెల్లెలు నూకరత్నం! మొగుడు పోయి అన్న పంచన బతుకుతున్న పిల్ల. రోజూ ఈ స్టూడియోకి బిందెతో నీళ్ళు తెచ్చి, ఫొటోలు కడిగి, వాటిని కడిగే పళ్ళాలు తోమి పోతుంది.

స్టూడియో తలుపు వెనక ఆ ఇంటి కోడలు లక్ష్మీసుందరి గోడకు అతుక్కుపోయింది. విశాఖపట్నం ఫొటోల పోటీలో బహుమతి పొందిందని ఆ పత్రిక వేసిన ఫొటోలో, కిటికీ వెలుగులో వీపు తిప్పి కూర్చున్న ఆడది... ఒంటి మీద నూలుపోగు లేదు! ముఖం కనబడదు. కాని పక్కనున్న సొట్ట బిందె కనబడుతోంది. ఆ బిందె నూకరత్నానిదని ఊరందరికీ తెలుసు. ఇంకేం కావాలి?

ఆ వీపు మాత్రం సుందరిది.

“నేను వెళ్ళి చెప్పేస్తాను సుందరీ!” అన్నాడు ఆ ఫొటో తీసిన ఆమె భర్త అనంతపద్మనాభం. సుందరి అతని కాళ్ళు చుట్టేసుకుంది.

“వద్దండీ! ఎవరికీ చెప్పనని మాటిచ్చేరు... అత్తయ్యకు తెలిస్తే ఈ ఇంట్లో నేను తలెత్తుకు తిరగగలనా?”

పెళ్ళిచూపుల ఫొటోల కోసం నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో ఊరి ఆడపిల్లల మచ్చలన్నీ పన్నెండేళ్ళుగా చెరుపుతూ వచ్చిన మనిషి అతను. ‘ముఖం అబద్ధమాడుతుందిరా, వీపు ఆడదు’ అని తనకు పని నేర్పిన నాగూర్ వలి గారు అన్న మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. ఏదీ చెరపని ఫొటో ఒక్కటి... ఒక్కటంటే ఒక్కటి తియ్యాలని! ఆ తపన చూడలేకే సుందరి ఒప్పుకుంది.

“అందరి మచ్చలూ చెరిపేరు! నా కాలిన మచ్చ ఒక్కటీ ఎందుకు ఉంచేరండీ?”

“అది చెరిపితే నువ్వు కావు కదే...”

బయట సత్యారావు గొంతు చీరుకుపోతోంది. “నువ్వు కాకపోతే మరెవరో సెప్పు! లేదా, పిల్లనెత్తుకుని ఎటైనా పో! నా గడప తొక్కకు!”

నూకరత్నం తలెత్తింది. తలుపు పక్క కిటికీ చువ్వల సందున సుందరి కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ ఫొటోను నీళ్ళలో కడిగిన చేతులు ఆమెవే! ఒక్క మాటంటే చాలు...

“నాకు తెల్దన్నా” అని తల దించుకుంది.

సుందరి పైట నిండా కప్పుకుని, గడియ తీసి, గుమ్మం దాటింది.

“అది నేను, సత్యారావూ!”

సత్యారావు తల అడ్డంగా ఊపాడు. “మీది సల్లని మనసు అమ్మగోరూ. దీన్ని కాయడానికి మీ మీదేసుకుంతన్నారు. పెద్దింటి కోడలు ఇలాటి పన్జేస్తదేటి?”

అయ్యో... నిజం చెప్పినా నమ్మరా! నడివీధిలో ఇంకేం చూపించి నమ్మించాలి?

అప్పుడు అత్తగారు అచ్చియ్యమ్మ లోపలినుంచి వచ్చింది. పత్రిక అందుకుని, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ‘కాదు’ అని ఆవిడ ఒక్క మాటంటే ఇంటి పరువు నిలుస్తుంది!

“ఇది సిరా మరకనుకున్నావేట్రా?” ఆమె వేలు ఫొటోలో ఒక నల్లటి చార మీద ఆగింది. “ఆరేళ్ళ కిందట బెల్లం వండే పెనం దగ్గర నా కాలు జారితే, నన్ను లాగబోయి ఇది వీపు కాల్చుకుంది. నెల్లాళ్ళు వెన్న రాసేను. నా చేతికి తెలీదేటి? ఇది మా కోడలే! నీ చెల్లెల్ని ఇంటికి తీసుకుపో.”

సత్యారావు చెల్లెలి చంకలోని బిడ్డను తన భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఆ రోజు నుంచి స్టూడియో గుమ్మం ఎక్కినవాళ్ళు లేరు. పెళ్ళి ఫొటోలకు జనం అనకాపల్లి పోయారు. అచ్చియ్యమ్మ కోడలు వడ్డించినది తినేది. మాట మాత్రం లేదు. నాలుగో రోజు నూకరత్నం అదే సొట్ట బిందెతో నీళ్ళు తెచ్చి, గుమ్మంలో దింపిపోయింది.

ఆ సాయంత్రం సుందరి పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. వెనక ఎవరో కూలబడిన చప్పుడు... వెన్న వాసన! జడ పక్కకు తప్పించి, జాకెట్టు అంచు కింద ఎప్పుడో మానిన మచ్చ మీద ముడతలు పడ్డ వేళ్ళు ఆగాయి.

“ఇంకా నొప్పెడతందేటే, అమ్మీ?”

“ఇవాళే... ఇవాళే నొప్పెడుతోంది అత్తయ్యా!” అంటూ సుందరి ఆవిడ ఒళ్ళో తల దాచుకుంది.